అప్‌డేట్ ప్రతిసారీ వెనక్కి పోతోందా? ముందు మీ రెండు డిస్కుల లెక్క చూడండి

మాస్టారూ, 9,000 పోసి మదర్‌బోర్డు మార్పించకండి. ఈ జవాబు చివరిదాకా చదివేవరకైనా ఆగండి. మీరు పెట్టిన డిస్క్ మేనేజ్‌మెంట్ (డిస్కులు, వాటి ముక్కలు చూపించే విండోస్ తెర) ఫొటోలోనే ముప్పాతిక జవాబు ఉంది.

ఇదే బాధతో ఇంకెవరైనా వస్తే వాళ్లకూ అందేలా మీ సంగతి ఒకసారి చెప్పేస్తాను. మీ అమ్మాయి బీటెక్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్. ఎనిమిదో తరం ఐ5, 1 టీబీ హార్డ్‌డిస్క్. నెమ్మదించిందని ఆరు నెలల కిందట షాపులో 256 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయించి, దాని మీద విండోస్ 10 ఎక్కించుకున్నారు. వేగానికి వంక పెట్టేది లేదు. కానీ నెలనెలా వచ్చే అప్‌డేట్ రీస్టార్ట్ తర్వాత కొంతదూరం వెళ్లి, మార్పులు రద్దు చేస్తున్నామంటూ మొదటికి వచ్చేస్తోంది. కోడ్ 0ఎక్స్800ఎఫ్0922. పోనీ విండోస్ 11కి మారదామంటే సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను (డిస్క్‌లో విడిగా కేటాయించిన ముక్కను) అప్‌డేట్ చేయలేకపోయామంటోంది. షాపువాళ్లు రెండుసార్లు ఫార్మాట్ కొట్టి మళ్లీ వేశారు, రెండుసార్లూ అదే కథ. ఈమధ్య ఆన్ చేస్తే అప్పుడప్పుడు నల్లటి తెర మీద బూట్ డివైస్ దొరకలేదని వస్తోంది, ఆపి మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా లేస్తోంది. చివరికి ఇది మదర్‌బోర్డు పనే అన్నారు.

ఇక ఫొటో. డిస్క్ 0, 931 జీబీ, మీ పాత హార్డ్‌డిస్క్. (1 టీబీ అని కొన్నది 931 అని కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా.) అందులో మొట్టమొదట 100 ఎంబీ ముక్క ఒకటుంది, దాని మీద ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’ అని రాసుంది. మిగతాదంతా డీ డ్రైవ్. డిస్క్ 1, 238 జీబీ, కొత్త ఎస్ఎస్‌డీ. అందులో సీ డ్రైవ్, చివర ఒక చిన్న రికవరీ ముక్క. ఈఎఫ్ఐ అన్న మాటే లేదు.

అంటే మీ విండోస్ కాపురం ఉంటున్నది ఎస్ఎస్‌డీలో, దాని తాళంచెవి ఉన్నది పాత హార్డ్‌డిస్క్‌లో.

ఇది ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతా లక్షణాలన్నీ వాటంతటవే విడిపోతాయి. ఈ పదేళ్లలో వచ్చిన ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ యూఈఎఫ్ఐ పద్ధతిలో లేస్తాయి. పవర్ నొక్కగానే మదర్‌బోర్డు మీది ప్రోగ్రాము నేరుగా సీ డ్రైవ్‌కి వెళ్లదు. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే ఈ చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ని వెతికి, అందులోని విండోస్ బూట్ మేనేజర్‌ని పిలుస్తుంది. విండోస్ ఎక్కడుందో చూసి దాన్ని లేపే పని ఆ బూట్ మేనేజర్‌ది. విండోస్ సెటప్‌కి ఇక్కడ ఒక పాడు అలవాటుంది. మెషీన్‌లో ఇంకో డిస్క్ మీద అప్పటికే ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటే, కొత్తది చేయకుండా సాధారణంగా ఉన్నదాన్నే వాడేసుకుంటుంది. అడగదు, చెప్పదు. మీకు ఎస్ఎస్‌డీ వేసిన కుర్రాడు హార్డ్‌డిస్క్ కనెక్షన్ తీయకుండా పెన్‌డ్రైవ్ పెట్టి సెటప్ నడిపాడు. పని అయిపోయింది, కంప్యూటర్ లేచింది, వేగంగా ఉంది, ఇక అతనికి అనుమానం రావాల్సిన అవసరం ఏముంది?

అతన్ని తిట్టలేను. ఒకప్పుడు నేనూ ఇదే చేశాను. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఒకాయన సిస్టమ్‌లో ఎస్ఎస్‌డీ వేసి, రెండు నెలల తర్వాత పాత డిస్క్ చప్పుడు చేస్తోందంటే దాన్ని పీకి పక్కన పెట్టాను. ఆన్ చేస్తే ఏమీ లేదు, నల్ల తెర. అసలే మాఘమాసం, మర్నాటికి మూడు ఆల్బమ్‌లు ప్రింటుకు వెళ్లాలి. ఆయన నా వెనకాలే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి రెండు డిస్కులున్న ఏ డబ్బాకైనా ఓఎస్ (విండోస్ లాంటిది) వేసేముందు రెండోదాని కేబుల్ పీకేస్తున్నాను.

ఇప్పుడు మీ అప్‌డేట్ ఎందుకు వెనక్కి పోతోందో చూద్దాం. నెలవారీ అప్‌డేట్‌లో చాలాభాగం సీ డ్రైవ్‌లోని ఫైళ్లనే మారుస్తుంది. వాటితోపాటు బూట్ ఫైళ్లను కూడా మార్చాల్సి వచ్చినప్పుడు ఆ ఈఎఫ్ఐ ముక్కలో రాయాలి. విండోస్ ఈ మొత్తాన్ని ఒకే మూటగా చూస్తుంది. అన్నీ పడితేనే పడినట్టు, ఒక్కటి తప్పినా అన్నీ వెనక్కి తీసేస్తుంది. మీకు ‘మార్పులు రద్దు’ అని కనిపిస్తున్నది అదే. మీ కోడ్‌కి మైక్రోసాఫ్ట్ చెప్పే కారణాలు ముఖ్యంగా రెండు: అప్‌డేట్ సర్వర్లు అందకపోవడం, లేదా ఆ చిన్న పార్టిషన్‌లో చోటు చాలకపోవడం. మీకు డౌన్‌లోడ్ పూర్తిగా దిగుతోంది, ఇన్‌స్టాల్ మొదలై రీస్టార్ట్ దాకా వెళ్తోంది. కాబట్టి సర్వర్ సంగతి పక్కన పెట్టొచ్చు. మిగిలింది ఆ 100 ఎంబీ. విండోస్ 11 సెటప్ అయితే దాచుకోకుండా పేరు పెట్టే చెప్పింది. సిస్టమ్ రిజర్వ్‌డ్ అని పాత పేరుతో పిలిచింది గానీ అది అంటున్నది ఈ ఈఎఫ్ఐ ముక్క గురించే.

రెండుసార్లు ఫార్మాట్ చేసినా అదే కథ ఎందుకు నడిచిందో ఈపాటికి మీకే తట్టి ఉంటుంది. వాళ్లు ఫార్మాట్ చేసింది సీ డ్రైవ్‌ని. జబ్బున్న 100 ఎంబీని రెండుసార్లూ ఎవరూ ముట్టుకోలేదు. డీ డ్రైవ్‌లో అమ్మాయి ఫైళ్లున్నాయని ఆ డిస్క్ జోలికే వెళ్లలేదు. ఒక రకంగా అదే మంచిదైంది.

అప్పుడప్పుడు బూట్ డివైస్ దొరక్కపోవడం నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. ఎస్ఎస్‌డీ చెడితే ఇలా ఉండదు. పాత హార్డ్‌డిస్క్ సమయానికి తిరగడం అందుకోక, లేదా ఆ మొదటి సెక్టార్లు (డిస్క్ మీది చిన్న గదులు) చదవలేక మొండికేస్తోందని నా అనుమానం. బస్సులో, హాస్టల్లో, మంచం మీద తిరిగిన ల్యాప్‌టాప్ డిస్క్‌కి ఇన్నేళ్లంటే తక్కువేమీ కాదు. కాబట్టి మొదట చేయాల్సింది రిపేరు కాదు, డీ డ్రైవ్‌లో ఉన్నది బయటికి తీయడం. ఈరోజే చేయండి. ప్రాజెక్టు ఫోల్డర్, సర్టిఫికెట్ల స్కాన్లు, ఫొటోలు ముందు తీసి, సినిమాలు చివరికి ఉంచండి. కాపీ అవుతూ ఒకచోట ఆగిపోతే ఆ ఫైల్ వదిలేసి ముందుకు వెళ్లండి, దానికోసం గంటలు కూర్చోబెట్టి డిస్క్‌ని రాపాడించకండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. నెట్‌లో ఎక్కడ చూసినా చెడిన భాగాలు వెతికే చెక్‌డిస్క్ /ఆర్ కమాండ్ నడపమంటారు. కాపీ పూర్తయ్యేదాకా నడపొద్దు. అది డిస్క్ మొత్తాన్ని మూలమూలా చదివిస్తుంది. ఊపిరి మీదున్న డిస్క్‌కి అదే ఆఖరి పని కావచ్చు.

కాపీ అయ్యాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము వేసి హార్డ్‌డిస్క్ మీద నొక్కండి. 05, సీ5, సీ6 అనే మూడు వరసలు చూడండి. 05 అంటే చెడిపోయి బదులు ఇచ్చేసిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక ఇంకా వేలాడుతున్నవి, సీ6 అంటే ఇక బాగుచేయలేనివి. చివరి గడిలో అన్నీ సున్నాలుంటే డిస్క్ ఫర్వాలేదు. సీ5 దగ్గర అంకె ఉంటే నా అనుమానం నిజమైనట్టే. ఒక చిన్న మెలిక ఉంది: ఆ అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదహారు లెక్కలో) చూపిస్తుంది, 10 అని ఉంటే 16 అని చదువుకోవాలి. సున్నా మాత్రం ఏ లెక్కలోనైనా సున్నాయే. ఎస్ఎస్‌డీని కూడా అందులోనే ఒకసారి చూసుకోండి. ఆరు నెలలదే కనుక 100 శాతం దగ్గర్లోనే ఉండాలి.

ఇప్పుడు దారులు రెండు. ఉన్న విండోస్‌ని ఉంచి, తాళంచెవిని ఎస్ఎస్‌డీలోకి తేవడం ఒకటి. అన్నీ తుడిచి ఎస్ఎస్‌డీ ఒక్కదాని మీద శుభ్రంగా వేసుకోవడం రెండోది. మీకు నేను రెండోదే చెప్తాను. కారణం మీ ఇంకో ఫొటోలో ఉంది. సిస్టమ్ వివరాల్లో విండోస్ 10 ప్రో అని చూపిస్తోంది, ల్యాప్‌టాప్ మాత్రం హోమ్‌తో వచ్చిందని మీరే రాశారు. ప్రో లైసెన్స్ మీరు కొనలేదు. అంటే షాపు పెన్‌డ్రైవ్‌లోని విండోస్, దాని మీద యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండా నడిపించే దొంగ ప్రోగ్రాము). అలాంటి పెన్‌డ్రైవ్‌లలో తిరిగే ‘లైట్’ విండోస్‌లలో వేగం కోసమని డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్), స్టోర్ లాంటివి కోసేసి ఉంటారు. అప్‌డేట్ వచ్చి తను మార్చాల్సిన భాగం వెతుక్కుంటే అక్కడ ఖాళీ. మీ మెషీన్‌లో స్టోర్ ఉందో లేదో, విండోస్ సెక్యూరిటీ తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే తాళంచెవి మార్చినా రేపు ఇంకో కోడ్‌తో నా దగ్గరికే వస్తారు.

విచిత్రం ఏమిటంటే మీకు యాక్టివేటర్ అవసరమే లేదు. విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్ కనుక హోమ్ లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. హోమ్ ఎడిషన్ వేసి నెట్ తగిలిస్తే అదే యాక్టివేట్ అవుతుంది. డబ్బు పెట్టి కొన్నదాన్ని పక్కనపెట్టి దొంగసరుకు ఎక్కించుకోవడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ఇదొక్కటి తెలిసినా చాలామంది బాగుపడతారు. (మదర్‌బోర్డు మార్చేస్తే ఆ కీ కూడా పాతదాంతోనే పోతుంది, అది వేరే నష్టం.)

పెన్‌డ్రైవ్ మీరే చేసుకోండి. 8 జీబీది చాలు, అందులో ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకోండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11 మీడియా క్రియేషన్ టూల్ దించి, వేరే మంచి కంప్యూటర్‌లో నడపండి. నాలుగైదు జీబీ దిగుతుంది, ఫోన్ రోజువారీ డేటాతో సగంలో ఆగిపోతుంది, స్కూల్లోనో పక్కింట్లోనో బ్రాడ్‌బ్యాండ్ చూసుకోండి. పెన్‌డ్రైవ్ మంచిది వాడండి. సంతలో 64 జీబీ అని 150 రూపాయలకు ఇచ్చేవాటిలో లోపల నాలుగు జీబీ కూడా ఉండదు. కాపీ అయినట్టే నటిస్తుంది, సెటప్ మధ్యలో ఫలానా ఫైల్ లేదంటుంది. అప్పుడు మళ్లీ ర్యామ్ అంటారు, ఎస్ఎస్‌డీ అంటారు.

విండోస్ 11 ఎందుకంటే, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అదనపు సెక్యూరిటీ పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 దాకా లాగొచ్చు గానీ, మీది ఎనిమిదో తరం ఐ5, విండోస్ 11కి అర్హత ఉన్నదే. బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్లి టీపీఎం అనే భద్రతా భాగం ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంటెల్ మెషీన్లలో అది పీటీటీ అనే పేరుతో ఉండొచ్చు. నమ్మదగిన బూట్ ఫైళ్లనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేయండి. బూట్ మోడ్ యూఈఎఫ్ఐలోనే ఉండాలి, లెగసీ అనే పాత పద్ధతి వద్దు.

మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి వేసే తాళం) ఆన్‌లో ఉందో చూడండి. ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే అది ఆ అకౌంట్‌లోనే దొరుకుతుంది. 48 అంకెలు, ఒక్కటి తప్పినా తలుపు తెరుచుకోదు.

తర్వాత అసలు పని: హార్డ్‌డిస్క్ కనెక్షన్ తీయించడం. వెనక మూత విప్పాలి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి, తర్వాత హార్డ్‌డిస్క్ కేబుల్. మీకు చేతకాదనిపిస్తే అదే షాపుకి వెళ్లి ఈ ఒక్క పని చేసిపెట్టమని అడగండి, మజూరీ ఇవ్వండి. ‘ఓఎస్ మేం ఇంటి దగ్గర వేసుకుంటాం’ అని చెప్పండి, అంతే. కొన్ని బయోస్‌లలో హార్డ్‌డిస్క్ తగిలించే సాటా పోర్టును ఆపే వీలుంటుంది, అలా చేసినా సరే.

ఇక ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉండగా పెన్‌డ్రైవ్ నుంచి లేపండి. డిస్కులు చూపించే తెర వచ్చినప్పుడు ఒకే ఒక్క డ్రైవ్, 238 జీబీ, కనిపించాలి. రెండు కనిపిస్తే అక్కడే ఆగి కేబుల్ చూసుకోండి. ఒక్కటే ఉంటే దాని మీది పార్టిషన్లన్నీ డిలీట్ చేసి, మిగిలిన ఖాళీ జాగాని ఎంచుకుని నెక్స్ట్ నొక్కండి. ఈఎఫ్ఐ, 16 ఎంబీ దాపుడు ముక్క, సీ, రికవరీ అన్నీ సెటప్పే తయారుచేసుకుంటుంది. మీరు చేత్తో ఏమీ గీయక్కర్లేదు. వైఫై డ్రైవర్ లేక నెట్ దొరక్కపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, చాలావరకు దానికి డ్రైవరు అడగదు. యూజర్ పేరు అడిగినప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే, చిన్నదిగా, ఖాళీ లేకుండా పెట్టండి. మాతృభాష మీద నాకేం కోపం లేదు. తెలుగులో పేరు పెడితే యూజర్ ఫోల్డర్ కూడా తెలుగులోనే తయారై, అమ్మాయికి ప్రాజెక్టులో కావలసిన కొన్ని పాత టూళ్లు ఆ దారి చదవలేక ఇన్‌స్టాల్ కాకుండా మొరాయిస్తాయి. పైకి కనిపించే పేరు తర్వాత తెలుగులో మార్చుకోవచ్చు.

అసలైన విండోసే ఉండి, మళ్లీ అన్నీ ఎక్కించుకునే ఓపిక లేనివాళ్లకు మొదటి దారి కూడా రాస్తాను. కమాండ్లు పలికే తీరులోనే రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. బిట్‌లాకర్ ఉంటే ముందు సస్పెండ్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘డిస్క్‌పార్ట్’ అనండి. ‘సెలెక్ట్ వాల్యూమ్ సీ’, ‘ష్రింక్ డిజైర్డ్=500’. దీంతో సీ పక్కన కాస్త జాగా వస్తుంది. ‘లిస్ట్ డిస్క్’ అని సైజు చూసి ఎస్ఎస్‌డీ ఏ నంబరో ఖాయం చేసుకోండి. మీ ఫొటో ప్రకారం 1. ‘సెలెక్ట్ డిస్క్ 1’, ‘క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=300’, ‘ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32’, ‘అసైన్ లెటర్=ఎస్’, ‘ఎగ్జిట్’. తర్వాత అసలు మంత్రం: ‘బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ’. బూట్ ఫైళ్లు తయారయ్యాయని చెప్తుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కి పూర్తిగా ఆపి, హార్డ్‌డిస్క్ కేబుల్ తీసి ఆన్ చేయండి. లేచిందంటే తాళంచెవి ఇంటికి చేరినట్టు. ఫార్మాట్ అనే మాట కొట్టేముందు ఏ డిస్క్ ఎంచుకుని ఉన్నారో రెండోసారి చూసుకోండి. డిస్క్‌పార్ట్ ‘నిజమేనా?’ అని అడగదు. పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్ డిస్కుల మీద లెగసీలో నడుస్తున్న మెషీన్లకు ఇది పనికిరాదు, వాటికి శుభ్రంగా మళ్లీ వేసుకోవడమే తేలిక.

ఇదే కోడ్ ఒకే డిస్క్ ఉన్న మెషీన్లలో కూడా వస్తుంది. అక్కడ కారణం నిజంగానే చోటు. కొన్ని బయోస్ అప్‌డేట్ టూళ్లు తమ ఫైళ్లను ఈఎఫ్ఐ ముక్కలోనే పడేసి వెళ్లిపోతాయి. అలాంటప్పుడు మైక్రోసాఫ్టే చెప్పే చిట్కా ఒకటుంది: ‘మౌంట్‌వోల్ వై: /ఎస్’ అని ఆ పార్టిషన్‌ని తెరిచి, ఈఎఫ్ఐ\మైక్రోసాఫ్ట్\బూట్\ఫాంట్స్ లోపలి ఫైళ్లు మాత్రమే తీసేయడం. బూట్ తెర మీద వాడే ఫాంట్లు అవి, పోయినా విండోస్ లేస్తుంది. 15 ఎంబీ ఖాళీ దొరికితే సెటప్ ముందుకు కదులుతుంది. ఆ పక్కనున్న మిగతా ఫోల్డర్లను మాత్రం ముట్టుకోకండి.

ఇలాంటి చిన్న పార్టిషన్ల గొడవ కొత్తది కాదు. 2024 జనవరి 9న వచ్చిన కేబీ5034441 అనే అప్‌డేట్ గుర్తున్నవాళ్లు ఉంటారు. 0ఎక్స్80070643 అని చూపించి ఎందరి మెషీన్లలోనో ఆగిపోయింది. రికవరీ పార్టిషన్‌లో దానికి 250 ఎంబీ ఖాళీ కావాలి, చాలా మెషీన్లలో అంత లేదు, అంతకుమించి ఏమీ లేదు. ఆ నెలలో నా దగ్గరికి వచ్చినవాళ్లలో సగంమంది అప్పటికే ఫార్మాట్ కొట్టించుకుని, అదే ఎర్రర్‌తో వచ్చారు. ఎర్రర్‌తో వచ్చే పేరాగ్రాఫ్ ఎంత గందరగోళంగా ఉన్నా, ఆ నంబరు మాత్రం కాగితం మీద రాసుకోండి. అది ఏ భాష విండోస్‌లోనైనా ఒకటే.

మీకు ఈ పని తొందరగా చేసుకోమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. సెక్యూర్ బూట్‌కి ఆధారమైన 2011 నాటి సర్టిఫికెట్లకు 2026 జూన్ నుంచి గడువు తీరుతుంది. వాటి స్థానంలో 2023 నాటివి అప్‌డేట్ల ద్వారానే వస్తాయి. ఆ మార్పులో భాగంగా బూట్ మేనేజర్‌ని కూడా మార్చాలి, అంటే మళ్లీ ఆ ఈఎఫ్ఐ ముక్కలోనే రాయాలి. అది చచ్చే డిస్క్ మీద ఉంటే ఎలా?

కొత్తగా వేశాక అప్‌డేట్‌కి వెళ్లి, ఉన్నవన్నీ దించి, రీస్టార్ట్ చేసి, ‘ఇంకేమీ లేవు’ అనేదాకా రెండు మూడుసార్లు తిప్పండి. ఆ తర్వాతే మిగతా సాఫ్ట్‌వేర్లు వేయండి. ఫోన్ హాట్‌స్పాట్ వాడితే ఆ కనెక్షన్ ‘మీటర్డ్’ (డేటా పరిమితి ఉన్నది) అని ఉండి అప్‌డేట్లు దిగకుండా ఆగొచ్చు, అది తీసేయండి. ఛార్జర్ పెట్టి ఉంచండి, కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి.

ఇంత చేశాక కూడా ఏదో ఒక అప్‌డేట్ మొండికేస్తే, అప్పుడు విండోస్ ఫైళ్లను బాగుచేయడానికి అందరూ మొదట చెప్పే ఆ రెండు కమాండ్లు నడపండి. ముందు ‘డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్’, అది పూర్తయ్యాక ‘ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ’. వరస ముఖ్యం. ఎస్ఎఫ్‌సీ చెడిన ఫైలుకి బదులు ఫైలు తెచ్చుకునేది విండోస్ దాచుకున్న గోదాం నుంచి. ఆ గోదామే పాడై ఉంటే ఎస్ఎఫ్‌సీ ఏం తెస్తుంది? అందుకే డిస్మ్ ముందు గోదాంని బాగుచేయాలి. డిస్మ్ 62 శాతం దగ్గరో ఎక్కడో పది నిమిషాలు కదలకుండా కూర్చుంటుంది, కంగారుపడి మూసేయకండి. డిస్మ్, ఎస్ఎఫ్‌సీ నడిపిన ప్రతిసారీ కొత్త ఫైలు పాడైందని చెప్తుంటే ర్యామ్‌ని అనుమానించండి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున ఒక్క ఎర్రర్ ఉన్నా ఆ ర్యామ్ స్టిక్ పనికిరాదు.

మీరు వీడియో చూసి నడిపిన ఆ ‘అప్‌డేట్ ఫిక్సర్’ ఫైల్ గురించి: నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. అప్‌డేట్ సర్వీసులు ఆపి, దించిన అప్‌డేట్లు ఉండే సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి, సర్వీసులు మళ్లీ మొదలుపెడుతుంది. అంతవరకు హానిలేదు, డౌన్‌లోడ్ పాడైతే పనికొచ్చే పనే. కానీ చివర్లో డిఫెండర్‌ని ఆపేసే రెండు లైన్లున్నాయి. అవి అక్కడెందుకున్నాయో రాసినవాడికే తెలియాలి. ఎలాగూ తుడిచేస్తున్నాం కనుక వదిలేయండి, ఆ వీడియో లింకు మాత్రం అమ్మాయికి పంపకండి.

పాత హార్డ్‌డిస్క్ సంగతి చివరగా. సీ5, సీ6 సున్నా ఉంటే, విండోస్ వేశాక మళ్లీ తగిలించి, డీ డ్రైవ్ అలాగే వాడుకోవచ్చు. దాని మీది పాత 100 ఎంబీ ముక్కని వెంటనే తీసేయకండి. వారంపాటు ఎస్ఎస్‌డీ నుంచే సవ్యంగా లేస్తోందని చూసి, బయోస్ బూట్ వరసలో ఎస్ఎస్‌డీయే మొదట ఉందని ఖాయం చేసుకుని అప్పుడు తీయండి. అంకెలుంటే మాత్రం అది ల్యాప్‌టాప్‌లో ఉండకూడదు, తీసేసి బరువు తగ్గించుకోండి.

ముందు కాపీ, తర్వాత ఆ మూడు వరసల ఫొటో పెట్టండి. ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉంటాను, కేబుల్ తీసేముందు ఏదైనా అనుమానం ఉంటే అప్పుడు అడగండి.